అరచేతికి అందే ధ్వని

అరిగిన టైరు అబద్ధం చెప్పదు. అలాగని నిజాన్ని నేరుగానూ చెప్పదు. రబ్బరు ఒకచోట తరిగి కనిపిస్తుంది, దోషం ఇంకెక్కడో ఉంటుంది. ఇరుసులో ఉండొచ్చు, బండి బరువు మోసే కమాన్ కట్టలో ఉండొచ్చు, ముందు చక్రాలను కలిపే టై రాడ్డు కొసన వదులైన కీలులో ఉండొచ్చు, గాలి చూపించుకోని డ్రైవరు బద్ధకంలోనూ ఉండొచ్చు. కనిపించే గుర్తును పట్టుకుని కనిపించని కారణం దాకా వెళ్ళగలిగినవాడే ఈ పాఠానికి సహృదయుడు. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరులో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. మాటలు పైకి చెప్పే అర్థాన్ని దాటి మనసుకు స్ఫురించే అర్థంలోనే కావ్యం బతుకుతుందన్నాడు. ఎల్బీ నగర్ దాటాక విజయవాడ రోడ్డు పక్కన, జాకీ మీద లేపిన బస్సు ముందు గొంతుక్కూర్చున్న ఉస్తాద్ ఆ పేరు విని ఉండకపోవచ్చు. అతని అరచెయ్యి మాత్రం ఆ సూత్రం మీదే నడుస్తుంది.

ఈ విద్య పండడానికి ఈ దారి తగిన చోటు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి వీటన్నిటినీ కలుపుతూ పోతుంది. పుణెలో మొదలై మచిలీపట్నంలో సముద్రం దగ్గర ఆగే ఆ రోడ్డు హైదరాబాదు ఇరుకు నుంచి బయటపడేది ఇక్కడే. పొద్దుగూకాక ట్రావెల్స్ బస్సులు దిల్‌సుఖ్‌నగర్‌లో కొందరిని, కొత్తపేటలో కొందరిని, ఎల్బీ నగర్‌లో మిగిలినవాళ్ళని ఎక్కించుకుని తూర్పుకు తిరుగుతాయి. 2018 సెప్టెంబరు నుంచి ఎల్బీ నగర్ దాకా నెత్తిమీద మెట్రో నడుస్తోంది. రైలు చక్రం ఎటు పోవాలో పట్టాలు చూసుకుంటాయి. కింద రబ్బరు చక్రానికి ఆ భరోసా లేదు, తన దారి తనే పట్టుకోవాలి. మెట్రో స్తంభాల పక్కన ఆగుతూ కదులుతూ పాకడం, ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ల మలుపుల్లో ఒరగడం, పెద్ద అంబర్‌పేట దాటాక గంటల తరబడి ఒకే వేగంతో ఉరకడం, ఇవన్నీ ఒకే రాత్రిలో ఒకే టైరు నడిచే నడకలు. ప్రతి నడకా రబ్బరు మీద తన రాత రాసిపోతుంది.

అందుకే ఈ రోడ్డు పొడుగునా టైర్ల దుకాణాలు, గాలి కంప్రెసర్లు, పంక్చర్ షాపులు, అలైన్‌మెంట్ సెంటర్లు. దిల్‌సుఖ్‌నగర్ వైపు స్కూటర్లవీ కార్లవీ ఎక్కువ. ఎల్బీ నగర్ దాటేకొద్దీ టైరు సైజు పెరుగుతుంది. మహావీర్ హరిణ వనస్థలి జింకల పార్కు దగ్గరున్న ఆటోనగర్‌కు వచ్చేసరికి లారీల లోకం. అక్కడ షాపు ముందు నిలబెట్టిన పాత టైర్లను పనికిరాని సరుకుగా చూసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం అది విప్పి పెట్టిన గ్రంథాలయం. ఒక్కోటీ వేల కిలోమీటర్ల ఆత్మకథ, ఏ పేజీ దాచుకోకుండా.

చదవడానికి ఒక మంచి పాఠం ఎంచుకుందాం. మోటార్‌హోమ్ అనగానే మనకు అమెరికా సినిమాల్లోని బండి మెదులుతుంది. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం సినిమావాళ్ళ కారవాన్. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీకి నగరం నుంచి వెళ్ళే కారవాన్లకు ఇదే రాజమార్గం. బస్సు ఛాసిస్ మీద గదులు కడతారు. మేకప్ అద్దం, సోఫా, ఏసీ, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు, జనరేటరు, అన్నీ అందులోనే. వీటికి ముందే తెలుగువాళ్ళు ఒక ఇల్లులాంటి బండిని కళ్ళారా చూశారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించుకుని, చైతన్య రథం అని పేరు పెట్టి ఊరూరా తిరిగారు. కొడుకు హరికృష్ణ దాన్ని నడిపారు. ఆ బండి పైకప్పు మీది ప్రసంగాలకు చరిత్రలో చోటు దొరికింది. అలాంటి బండ్ల విషయంలో జనం చూపు పైకే ఉంటుంది. రసజ్ఞుడి చూపు ఒకసారి చక్రాల దాకా దిగాలి.

కారవాన్ ఎందుకు మంచి పాఠమంటే, దాని బరువు చాలావరకు స్థిరం. లారీ ఒకరోజు నిండుగా, ఒకరోజు ఖాళీగా పోతుంది. బస్సులో మనుషులు ఎక్కుతారు, దిగుతారు. కారవాన్‌లో కట్టిన గోడ కట్టినట్టే ఉంటుంది. జనరేటరు ఒక పక్కన బిగిస్తే జీవితాంతం ఆ పక్కనే. లీటరు నీళ్ళంటే కిలో బరువు కాబట్టి అయిదు వందల లీటర్ల ట్యాంకు నింపితే అయిదు వందల కిలోలు ఒక మూల కూర్చున్నట్టు. ఆ బరువు పగలూ రాత్రీ, నడిచినా ఆగినా, అదే కమాన్ కట్ట మీద, అదే టైరు మీద. అంటే ఇక్కడ స్థాయీభావం బలంగా ఉంది. భరతుడి పరిభాషలో చెప్పాలంటే అమరికలోని తప్పు విభావం, అరుగుదల అనుభావం. వేగం, ఎండ, వాన, బ్రేకు వచ్చిపోయే సంచారీభావాలు. వీటన్నిటి కలయికలో పుట్టిందే మన ముందున్న ఈ నల్లని ముఖం.

మొదట వాచ్యార్థం చూద్దాం. కొన్ని అరుగుదలలు ప్రసాద గుణం ఉన్న పద్యాల్లా వెంటనే అర్థమైపోతాయి. గాలి తక్కువైతే టైరు మధ్యలో లోపలికి వంగి రెండు అంచుల మీద బరువు మోస్తుంది, రెండు భుజాలూ అరుగుతాయి. గాలి ఎక్కువైతే మధ్య ఉబ్బి, మధ్య పట్టీలే ముందు తరుగుతాయి. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతే ఒక్కచోట చదునుగా చెక్కేసినట్టు ఉంటుంది. ఇలాంటి రాతలో గూఢత ఏమీ లేదు. అయినా వీటిని చిన్నచూపు చూడకూడదు. వాచ్యార్థం తెలియనివాడికి వ్యంగ్యార్థం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే పాతకాపు ఉస్తాద్ పానా చేతిలోకి తీసుకోకముందే గాలి మీటరు తీసుకుంటాడు. అదీ బండి నడిచి వచ్చి వేడెక్కినప్పటి అంకె నమ్మడు. చల్లబడ్డాక చూసిందే లెక్క.

తర్వాతి మెట్టు కాస్త లోతు. టైరు ఒక్క భుజం మాత్రమే, నున్నగా, చుట్టూరా ఒకేలా అరిగిందనుకోండి. ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం బయటికో లోపలికో ఒరిగి ఉందని అర్థం. దాని పేరు క్యాంబర్. కార్లలో చాలావాటికి దీన్ని సరిచేసే వీలుంటుంది. బస్సు ఛాసిస్ ముందు ఇరుసు ఒకే దిమ్మ ఉక్కు. అక్కడ క్యాంబర్‌ను తిప్పి సరిచేసే మర సాధారణంగా ఉండదు. కాబట్టి అది మారిందంటే ఇరుసు వంగి ఉండాలి, లేదా చక్రాన్ని ఇరుసుకు కీలులా పట్టి ఉంచే కింగ్ పిన్ బుష్‌లు అరిగి ఉండాలి, లేదా హబ్ బేరింగ్ వదులై ఉండాలి. ఇందులో ఏది? ఉస్తాద్ చక్రాన్ని నేల విడిచేలా జాకీతో ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. ఊగుతుంది. ఇప్పుడు క్లీనరును బ్రేకు తొక్కి పట్టుకోమంటాడు. ఊగడం ఆగిపోతే తప్పు బేరింగ్‌ది. బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంటే కింగ్ పిన్‌ది. ఒక ప్రశ్న, ఒక పాదం, ఒక జవాబు. ఏ అలంకారమూ లేని ఈ క్లుప్తతలో ఉన్న అందం మంచి చాటువులో ఉన్నదానికి తీసిపోదు.

మరికొన్ని అరుగుదలలను కన్ను కంటే ముందు చెవి చదువుతుంది. టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడి, గుంటకూ గుంటకూ మధ్య మెరక మిగిలితే, తారు రోడ్డు మీద యాభై అరవై వేగంలో ఒక మూలుగు వినిపిస్తుంది. వేగం పెరిగితే దాని స్వరమూ పెరుగుతుంది. షాక్ అబ్జార్బర్ చచ్చిపోయి చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోందనో, బ్యాలెన్స్ తప్పిందనో, బేరింగ్ వదులైందనో దాని అర్థం. అనుభవమున్న డ్రైవరుకు ఆ మూలుగు ఏ చక్రానిదో కూడా తెలుస్తుంది. హయత్‌నగర్ దాటి రోడ్డు ఖాళీ అయ్యాక కిటికీ దించి వింటాడు.

ఇక ఈ విద్యకు శిఖరం టో. బండిని పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ ముందువైపు కాస్త దగ్గరైతే టో-ఇన్, కాస్త ఎడమైతే టో-అవుట్. మోతాదులో ఉంటే మంచిదే. మోతాదు తప్పితే బండి నేరుగా పోతుంటే చక్రం పక్కకు పోవాలని చూస్తుంది. ఇరుసు పోనివ్వదు. ఆ పెనుగులాటలో ప్రతి చుట్టుకూ రబ్బరు వెంట్రుకవాసి పక్కకు రాసుకుంటుంది. గాడికీ గాడికీ మధ్య ఉన్న ప్రతి పట్టీకి ఒక అంచు గుండ్రబడుతుంది, రెండో అంచు పదునెక్కుతుంది. మొదట్లో ఇది కంటికి ఆనదు. నల్లని రబ్బరు మీద, మట్టిపట్టిన గాళ్ళ మధ్య, మిట్టమధ్యాహ్నపు వెలుతురులో అసలే ఆనదు. అందుకే ఉస్తాద్ చూడడు. తడుముతాడు.

అరచెయ్యిని టైరు వెడల్పున బయటి అంచు నుంచి లోపలికి జరుపుతాడు. మెత్తగా జారిపోతుంది. అదే చేతిని లోపలి నుంచి బయటికి తెస్తాడు. ఒక్కో పట్టీ దగ్గరా చర్మాన్ని పట్టుకుని గీరుతుంది. లోపలికి మెత్తన, బయటికి గరుకు అయితే టో-ఇన్ ఎక్కువైంది. బయటికి మెత్తన, లోపలికి గరుకు అయితే టో-అవుట్. అంతే. ఏ పరికరమూ లేకుండా, రెండు క్షణాల్లో, ఇన్నాళ్ళూ ఆ చక్రం ఎటు పోదామని తహతహలాడిందో తేలిపోయింది. వాచ్యార్థం, రబ్బరు అరిగింది. వ్యంగ్యార్థం, ఆ చక్రానికి తీరని ఒక కోరిక ఉంది. శృంగారంలో విప్రలంభాన్ని మెచ్చుకునే మనం, ఎప్పుడూ తన దారిన తాను పోలేకపోయిన ఈ చక్రం విరహాన్ని మాత్రం ఎందుకు మెచ్చుకోకూడదు?

ఈ కోరిక ఎంత చిన్నదో లెక్క వేస్తే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. చక్రం దిశలో ఒక డిగ్రీలో పదో వంతు తప్పుందనుకుందాం. మీటరు వ్యాసమున్న బస్సు టైరు మీద అది 1.75 మిల్లీమీటర్లే. అదే కోణం కిలోమీటరు దూరంలో 1.75 మీటర్లవుతుంది. అంటే కిలోమీటరు నడిచేసరికి ఆ టైరు 1.75 మీటర్లు అడ్డంగా రాసుకుపోతుంది. ఎల్బీ నగర్ నుంచి విజయవాడ సుమారు 260 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు దాటి కృష్ణ ఒడ్డుకు చేరేసరికి ఆ టైరు దాదాపు 450 మీటర్లు పక్కకు పాకింది. రానూపోనూ కిలోమీటరుకు కొంచెం తక్కువ. బండిలో పడుకున్నవాళ్ళకు ఏమీ తెలియదు. స్టీరింగ్ పట్టుకున్నవాడికీ తెలియకపోవచ్చు. ఒక్క రబ్బరుకే తెలుసు. సూక్ష్మమైన కారణం నుంచి విస్తారమైన ఫలితం పుట్టడంలో ఉన్న అద్భుత రసం ఇది.

ఇప్పుడు ఒక కారవాన్ ఆటోనగర్ షాపులోకి వచ్చిందనుకోండి. డ్రైవరు దిగుతాడు. "ఉస్తాద్, బండి ఎడమకు గుంజుతున్నది. అలైన్‌మెంట్ చేస్తే అయిపోతది కదా?" అంటాడు. రోగి తన రోగానికి మందు తానే చెప్పే పద్ధతి. ఉస్తాద్ తొందరపడడు. "గుంజుడు సంగతి తర్వాత చూద్దాం తమ్మీ. గాలి ఎప్పుడు చూపిచ్చినవ్?" గాలి సరిగానే ఉంది. చక్రాలు ఊపి చూశాడు. బేరింగులూ బాగున్నాయి, కింగ్ పిన్లూ బాగున్నాయి. ఎడమ టైరు తడిమాడు. బయటి నుంచి లోపలికి మెత్తన. టో-ఇన్ ఎక్కువైందని అక్కడే చెప్పేసి టై రాడ్డు తిప్పేవాళ్ళు కొల్లలు. ఉస్తాద్ లేచి బండి చుట్టూ తిరిగి కుడి టైరు దగ్గర కూర్చున్నాడు. బయటి నుంచి లోపలికి చెయ్యి జరిపాడు. గీరింది. లోపలి నుంచి బయటికి జరిపాడు. మెత్తన.

ఈ క్షణం కోసమే ఈ విద్య మీద ఇంత ప్రేమ. టో తప్పు అయితే రెండు టైర్ల పదునూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. రెండూ లోపలికి చూడాలి, లేదా రెండూ బయటికి చూడాలి. ఇక్కడ రెండూ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఎడమ టైరు మీదా కుడి టైరు మీదా చెయ్యి ఎడమ నుంచి కుడికి పోతే మెత్తన, కుడి నుంచి ఎడమకు వస్తే గరుకు. ముందు చక్రాలు తమలో తాము పోట్లాడుకోవడం లేదు. రెండూ కలిసి ఇంకెవరితోనో పోట్లాడుతున్నాయి. "తప్పు ముందట లేదు తమ్మీ, ఎనకున్నది."

వెనక ఇరుసు ఛాసిస్ పొడవుకు లంబంగా లేదు. ఒక పక్క కాస్త వెనక్కి జరిగింది. వెనక చక్రాలే బండిని నెట్టేవి కాబట్టి అవి నెట్టే దిక్కు ఒకటి, డ్రైవరు పోదామనుకునే దిక్కు ఒకటి. డ్రైవరు తెలియకుండానే స్టీరింగును ఎప్పుడూ ఒక పక్కకు పట్టి నేరుగా నడుపుతున్నాడు. ఆ దిద్దుబాటు భారమంతా ముందు టైర్ల మీద పడి, ఒకదానికి బయటి భుజం, ఒకదానికి లోపలి భుజం పోతోంది. కమాన్ కట్టల మధ్య మీటరు ఎడముందనుకుంటే, ఒక పక్క పది మిల్లీమీటర్లు జరిగినా ఇరుసు అర డిగ్రీకి పైగా వంకరవుతుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ అయిదు మీటర్ల దూరముంటే, వెనక చక్రాలు ముందు చక్రాల జాడ నుంచి అయిదు సెంటీమీటర్లు పక్కకు పడతాయి. వాన వెలిసిన రోడ్డు మీద వెనక వచ్చేవాడికి ఈ సంగతి కనిపిస్తుంది. బండి నేరుగానే పోతుంటుంది, ముఖం మాత్రం కాస్త పక్కకు తిప్పుకుని.

ఉస్తాద్ టేపు తీసి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఒక పక్క, తర్వాత రెండో పక్క కొలుస్తాడు. తేడా తేలింది. కిందికి దూరి చూస్తే వెనక కమాన్ కట్ట యూ బోల్టులు వదులయ్యాయి. ఆ వదులు మూలంగా కట్టను ఇరుసు మీద నిలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగింది. వేలెడు పొడవున్న ఒక బోల్టు. బండి ముందు భాగంలో ఎడమ చక్రం మీద మొదలైన వాక్యం వెనక కుడి పక్కన ఒక బోల్టు దగ్గర ముగిసింది. మొదటి పాదంలోని మాటకు నాలుగో పాదంలో అర్థం విచ్చుకునే పద్యాన్ని మెచ్చుకునే సంప్రదాయం మనది. ఇది ఆ జాతి రచనే.

యూ బోల్టులు ఎందుకు వదులయ్యాయన్నది తర్వాతి ప్రశ్న. కారవాన్‌లో ఆ ప్రశ్న బరువు దగ్గరికి తీసుకెళ్తుంది. ఉస్తాద్ బండిని కాటాకు పంపుతాడు. మొత్తం బండి బరువు ఒక అంకె, దానితో పని తక్కువ. ముందు ఇరుసు ఒక్కదాన్నే కాటా మీద నిలిపితే ఒక అంకె, వెనక ఇరుసును నిలిపితే ఇంకో అంకె. ఒక పక్క చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కిస్తే అసలు కథ బయటపడుతుంది. జనరేటరూ నీళ్ళ ట్యాంకూ ఒకే వైపున్నాయి, స్నానాల గదీ ఆ వైపే. మేకప్ అద్దం, సోఫా తేలికైన వైపున్నాయి. గది కట్టినవాడు లోపలి అందం చూశాడు, కింది బరువు చూడలేదు. గాలి ఎంత ఉండాలో టైరు మోసే బరువును బట్టి నిర్ణయించాలి. ఒకే ఇరుసు మీది రెండు వైపులకూ ఒకే గాలి ఉండాలి కాబట్టి ఎక్కువ బరువున్న వైపు లెక్కే రెండు వైపులకూ చెల్లుతుంది. వెనక జోడీ టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే ఎత్తుల తేడాతో పెద్దది బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డు మీద జారుతూ అరుగుతుంది. జోడీ అంటే ఈడూ జోడూ రెండూ కుదరాలి.

కారవాన్‌కు ఇంకో విషాదం ఉంది. అది నడిచేదానికన్నా నిలబడేదే ఎక్కువ. షూటింగు స్థలంలో రోజుల తరబడి, పని లేనప్పుడు వారాల తరబడి ఎండలో నిలబడుతుంది. గాళ్ళు లోతుగానే ఉంటాయి, టైరు కొత్తదానిలా కనిపిస్తుంది. పక్కగోడ మీద మాత్రం సన్నని పగుళ్ళు. అక్కడే అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో పుట్టిన టైరు. అరుగుదల యవ్వనం చెబుతోంది, పగుళ్ళు వార్ధక్యం చెబుతున్నాయి. రెండూ నిజమే, నమ్మాల్సింది పగుళ్ళనే. అరగని టైరు చూసి సంబరపడి వేసవి మధ్యాహ్నం హైవే ఎక్కితే, ఆ కథ కరుణ రసంలో ముగుస్తుంది.

పరికరాల సంగతికి వద్దాం. ఇప్పటి అలైన్‌మెంట్ సెంటర్లలో చక్రాలకు పలకలు బిగించి, కెమెరాలతో చూసి, కంప్యూటరు తెర మీద ఎర్ర అంకెలూ పచ్చ అంకెలూ చూపిస్తారు. వాటికి ముందు దారం ఉండేది. బండి పక్కగా బిగుతుగా దారం లాగి, చక్రం అంచుకూ దారానికీ మధ్య ఎడం స్కేలుతో కొలవడం. చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పుతూ, నడిమి పట్టీ మీద సుద్దతో పూసి మేకుతో సన్నని గీత గీయడం. తర్వాత రెండు టైర్ల మీది గీతల మధ్య దూరాన్ని ముందువైపొకసారి, వెనకవైపొకసారి కొలిచి తేడా తీయడం. ఆ తేడాయే టో. దారం పద్ధతి ఇంకా పోలేదు, పోకూడదు కూడా. ఈ నగరంలో ప్రజా రవాణా బస్సు 1932లో మొదలైంది, నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ కింద, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో. కెమెరా అలైన్‌మెంట్ పుట్టక ముందు దశాబ్దాల పాటు బస్సు టైరు బతుకు ఇలాంటి కొలతల మీదా, తడిమిన చేతుల మీదా ఆధారపడింది.

యంత్రానికీ చేతికీ పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. అవి రెండు వేర్వేరు కాలాలను చదువుతాయి. తెర మీది అంకె ఈ క్షణం సంగతి చెబుతుంది, బండి కదలకుండా, ఖాళీగా, చదునైన నేల మీద నిలబడి ఉన్న క్షణం. టైరు గత ఆరు నెలల సంగతి చెబుతుంది, నీళ్ళు నిండి, జనరేటరు మోగి, గతుకులు తగిలి, వేగం ఎక్కిన ఆరు నెలలు. బరువు పడినప్పుడు ఇరుసు వంగుతుంది, కమాన్ కట్టలు సాగుతాయి, వదులు కీళ్ళు జరుగుతాయి. నిలబెట్టిన బండిలో ఇవేవీ కనిపించవు. తెర మీద అన్నీ పచ్చగా ఉండి, టైరు మాత్రం ఒక పక్కే పోతోందంటే యంత్రం చెప్పిందీ నిజమే, టైరు చెప్పిందీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఎడంలో దాక్కున్న కారణాన్ని పట్టుకోవడమే విమర్శ. అంకె ఒక్కటే చూసేవాడు వైయాకరణుడు. చెయ్యి ఒక్కటే నమ్మేవాడు ఆశుకవి. రెండూ కలిపి చదివేవాడు రసజ్ఞుడు.

అతివ్యాఖ్యానం ప్రమాదం ఇక్కడా ఉంది. మనం ఎడమ పక్కన నడుస్తాం, వాన నీరు జారిపోవడానికి రోడ్డు ఎడమకు వాలుగా ఉంటుంది. కాబట్టి బండి కాస్త ఎడమకు పోవడం రోడ్డు గుణమే కావొచ్చు. టైరు తయారీలోనే చిన్న తేడా ఉండి బండిని ఒక పక్కకు లాగొచ్చు. ముందు టైర్లు రెండూ ఇటుదటు మార్చి చూస్తే సరి. లాగే దిక్కు మారితే తప్పు టైరుది, మారకపోతే బండిది. క్షేమేంద్రుడు ఔచిత్యమే రసానికి ప్రాణమన్నాడు. ఉస్తాద్ ఔచిత్యం అతని వరుసలో కనిపిస్తుంది. ముందు గాలి, తర్వాత బేరింగు, కింగ్ పిన్, టై రాడ్డు కీళ్ళు, ఆ తర్వాత కమాన్ కట్టలు, వెనక ఇరుసు, అన్నిటికన్నా చివర టో. వదులు కీలు అలాగే ఉంచి టో సరిచేయడం తప్పు పాఠానికి చక్కని వ్యాఖ్య రాయడం లాంటిది. మొదటి గతుకు దగ్గర ఆ వ్యాఖ్య చెరిగిపోతుంది.

ఈ సాహిత్యానికి శత్రువు కూడా ఉన్నాడు. టైరు ఒక పక్క అరగగానే, కారణం వెతక్కుండా దాన్ని వెనక్కి మార్చి వెనకది ముందుకు తెచ్చేవాడు అతను. టైరు మార్పిడి మంచి అలవాటే. కానీ చదవకుండా మారిస్తే సాక్ష్యం చెదిరిపోతుంది. ఏ టైరు ఏ చక్రం మీద ఎంతకాలం ఉందో ఎవరికీ గుర్తుండదు, రెండు చేతిరాతలు ఒకే పలక మీద కలిసిపోతాయి. విప్పే ముందు ప్రతి టైరు మీదా అది ఉన్న చోటు, తేదీ, బయటి, నడిమి, లోపలి గాళ్ళ లోతు సుద్దతో రాసి, ఫోనులో ఫొటో తీసుకునే ఉస్తాద్ నిజమైన పరిష్కర్త. తాళపత్రంలోని పాఠాన్ని భద్రపరిచి, ఆ తర్వాతే దిద్దుబాటుకు పూనుకునే పండితుడు ఎలాగో, అతనూ అలాగే.

మరి ఈ విద్య చేరాలనుకునే చివరి గమ్యం ఏమిటి? చదవడానికి ఏమీ మిగలని టైరు. అన్నీ సరిచేసిన కారవాన్ తిరిగి రోడ్డెక్కి, నెలలూ సంవత్సరాలూ నడిచి, ఏ భుజమూ పోకుండా, ఏ పట్టీ పదునెక్కకుండా, ఏ గుంటా పడకుండా, గాళ్ళన్నీ ఒకే ఈడున లోతు తగ్గుతూ, అన్ని గాళ్ళలోనూ 1.6 మిల్లీమీటర్ల హద్దు గుర్తు ఒకేసారి పైకి తేలే టైరు. శృంగార కరుణాదులన్నీ శమించాక మిగిలే శాంతాన్ని అభినవగుప్తుడు రసంగా నిలబెట్టాడు. శాంతం రసమెలా అవుతుంది, అందులో అనుభవించడానికేముంది అని వాదించినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఈ టైరు చూపించాలి. దాని మీద ఒక్క విభావం లేదు, ఒక్క అనుభావం లేదు. అయినా దాని వెనక గాలి మీటరు, కాటా చీటీ, కొత్త సెంటర్ బోల్టు, బిగించిన యూ బోల్టులు, రెండు చేతుల అనుభవం అన్నీ ఉన్నాయి. ఆ టైరు మీద ఉస్తాద్ చెయ్యి అటూ ఇటూ పోతుంది. రెండు వైపులా మెత్తనే. అప్పుడతను ఇచ్చే తీర్పు ఈ శాస్త్రంలో ఒక టైరుకు దక్కగల అతి పెద్ద మెప్పు. "దీంట్ల చెప్పనీకేం లేదు తమ్మీ. ఇప్పేసి కొత్తది ఎయ్."